వసిష్ఠుడి పక్కన ఎవరు?

కెనడాలోని రెజైనాలో ఆకాశానికి కొదవ లేదు. కొండ లేదు, గుట్ట లేదు. దోసెపెనం బోర్లించినట్టు నేల, దాని మీద మూత పెట్టినట్టు ఆకాశం. కొదవల్లా ఇళ్ళకే. ఆ రెండు మూడేళ్ళు కెనడా కాలేజీలు వలేసి చేపల్ని లాగినట్టు పిల్లల్ని లాగాయి కదా, గుంటూరు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, పంజాబు వాళ్ళు అందరూ ఒకే బస్సులోంచి దిగినట్టు దిగి, దొరికిన బేస్‌మెంట్లలో సర్దుకున్నారు. ధాత్రి ఉండే బేస్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలు, ఒక స్టవ్వు, కిటికీ అని పిలుచుకునే బెత్తెడు గాజుపలక. అందులోంచి కనిపించేది పక్కింటివాళ్ళు మంచు తీసే పార ఒక్కటే.

అందుకే ధాత్రి కాలేజీలో ఆస్ట్రానమీ క్లబ్బులో చేరింది. నక్షత్రాల మీద మోజుతో చేరిందంటే అబద్ధం. సైన్సు బిల్డింగు పై అంతస్తులో ఆ క్లబ్బుకో గది ఉంది, గదికో హీటరుంది, హీటరు పక్క తలుపు తీసి నాలుగు మెట్లెక్కితే మేడ ఉంది, మేడ మీద ఎవరూ లేరు. సత్తెనపల్లి దగ్గర మిరపతోటల్లో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి కేకేసి మాట్లాడుతూ పెరిగిన పిల్ల. బేస్‌మెంట్‌లో అమ్మతో ఫోను మాట్లాడాలంటే దుప్పట్లో దూరి గుసగుసలాడాలి. ఆ మేడ మీదకొచ్చి మొదటిసారి గొంతు విప్పి నవ్వినప్పుడు దానికే ఆశ్చర్యమేసింది, నా నవ్వు ఇంకా ఉందే అని. చేరాక మాత్రం నక్షత్రాలు దాన్ని వదల్లేదు. తామర అంటుకున్నట్టు అంటుకున్నాయి.

క్లబ్బంటే మొత్తం ముగ్గురు, ఒక టెలిస్కోపు. రెండోవాడు అచ్యుత్, కరీంనగర్ పిల్లాడు. కంప్యూటర్ సైన్సు చదువుతూ జపాను బొమ్మల సీరియళ్ళు చూస్తాడో, జపాను బొమ్మల సీరియళ్ళు చూస్తూ కంప్యూటర్ సైన్సు చదువుతాడో వాడికే తెలీదు. ఆ అనిమేల్లో స్కూలు పిల్లలు క్లబ్బులు పెట్టుకుని, మేడ మీద దుప్పట్లు కప్పుకుని, టీ తాగుతూ ఉల్కల కోసం ఎదురుచూస్తారట. వాడు కెనడా వచ్చిందే అలాంటి మేడ దొరుకుతుందని. ధాత్రిని ప్రెసిడెంటు చేసింది కూడా వాడే.

"ఎందుకురా నన్ను?" అంటే, "అనిమేల ప్రెసిడెంటంటే గట్టిగ మాట్లాడే పిల్లే ఉంటదే. గదే రూలు," అన్నాడు.

మూడోది మృదుల, ప్రొద్దుటూరు. చలికి ఒకదాని మీద ఒకటి రెండు కోట్లు తొడిగి, మఫ్లరు చుట్టి, కళ్ళు తప్ప ఇంకేం కనపడనీదు. నోరు మాత్రం మఫ్లరు లోపల్నుంచి కూడా స్పష్టంగా వినపడుతుంది.

ముగ్గురూ సుఖంగానే ఉన్నారు, హెదర్ వచ్చేదాకా.

హెదర్ అంటే కాలేజీలో క్లబ్బుల వ్యవహారం చూసే ఆవిడ. పొడుగ్గా, సన్నగా, నవ్వు చెరగకుండానే కాదని చెప్పగల మనిషి. ఆ రోజు గదిలోకొచ్చి, హీటరు మీద ఆరేసిన సాక్సుల వంకా, కెటిల్లో ఉడుకుతున్న మ్యాగీ వంకా చూసి, నవ్వు చెరగకుండానే చెప్పింది. వీడియో గేముల క్లబ్బుకి గది చాలట్లేదు. వాళ్ళు బోలెడుమంది, మీరు ముగ్గురు. క్రిస్మస్ సెలవుల్లోపు బయటి జనాన్ని పిలిచి ఒక్క కార్యక్రమం చెయ్యండి. గది నిండితే గది మీది. నిండకపోతే వాళ్ళది. చూడ్డానికి నేనే వస్తాను.

ఆవిడ వెళ్ళాక కూడా మ్యాగీ ఉడుకుతూనే ఉంది.

"అనిమేల సరిగ్గ ఇట్లనే అయితది," అన్నాడు అచ్యుత్, కళ్ళు మెరుస్తుంటే. "క్లబ్బు మూసేస్తమంటరు. లాస్టుకి ఏదో జరిగి నిలబడ్తది."

"ఆ ఏదో ఏందో కూడా చెప్పు సామీ," అంది మృదుల. "దాన్నే చేసేస్తాం."

ధాత్రి కెటిలు స్విచ్చి ఆపేసింది. మళ్ళీ ఆ దుప్పట్లో గుసగుసలు గుర్తొచ్చి, ఆ పిల్ల గొంతు అప్పుడే సగం అయిపోయింది.

మొదట శనిగ్రహం చూపిద్దామన్నారు. రంగుల పోస్టరేశారు, కాలేజీ గోడలకి అంటించారు. హెదర్‌ని పిలవకముందే ఒకసారి రుచి చూద్దామని చేశారు కాబట్టి బతికిపోయారు. వచ్చింది ఒక్కడే. వాడు కూడా బాత్రూం ఎక్కడని అడగటానికి వచ్చాడు. పోనీలే, దొరికినవాణ్ణి వదలడమెందుకని వాడికే శనిని చూపించారు. చూసి, "బావుంది, మరి బాత్రూం?" అన్నాడు.

ఆ వారంలోనే సంజయ్ పెళ్ళొచ్చింది. సంజయ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న తెనాలి కుర్రాడు. పెళ్ళికూతురు వైదేహి వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో పెళ్ళి. రెజైనాలో తెలుగు పెళ్ళంటే అతిథులూ స్టూడెంట్లే, వడ్డించేదీ స్టూడెంట్లే. ధాత్రి చేతిలో పప్పు బకెట్, మృదుల చేతిలో సాంబారు, అచ్యుత్ చేతిలో అప్పడాల బుట్ట. అప్పడాలు వాడి చేతికిచ్చిన వాళ్ళది తప్పుగానీ, సగం దారిలోనే అయిపోతుంటే వాడేం చేస్తాడు.

పెళ్ళి చేయిస్తున్నది విశ్వేశ్వరరావుగారు. ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో పురోహితుడు లేని కాలంలో ఎవరో బతిమాలితే ఒక పెళ్ళి చేయించారు, అంతే, అప్పట్నుంచి ఊళ్ళో ఏ పెళ్ళయినా ఆయన చేతుల మీదే. మంత్రం గట్టిగా చదువుతారు, మైకు అక్కర్లేదు. తాళి అయింది, తలంబ్రాలయ్యాయి, అరుంధతిని చూపించే ఘట్టం వచ్చింది. మనూళ్ళో అయితే పందిరి బయటికైనా తీసుకెళ్తారు. ఇక్కడ బయటికెళ్తే పట్టుచీర బిగుసుకుని రేకవుతుంది. కాబట్టి ఆయన కూర్చున్న చోట్నుంచే వేలు పైకెత్తి హాలు కప్పు చూపించారు.

"అదిగో అమ్మా, వసిష్ఠుడు. పక్కనే అరుంధతి. కనిపించిందా?"

లక్ష పెళ్ళిళ్ళలో లక్షమంది పెళ్ళికూతుళ్ళు ఈ ప్రశ్నకి ఒకటే జవాబు చెప్పారు. వైదేహి చెప్పలేదు. తలెత్తి కళ్ళు చికిలించి, శ్రద్ధగా చూసింది.

"అది ఫైర్ స్ప్రింక్లర్ కదండీ?"

"కనిపించిందనమ్మా," అన్నారు వెనకాల నుంచి నలుగురైదుగురు ఆంటీలు ఒకే గొంతుతో.

"కనిపించకపోతే ఎలా అంటాను ఆంటీ?"

సంజయ్ ఆమె చెవి దగ్గర ఏదో గొణిగాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. సరిగ్గా అప్పుడు, పంక్తి మధ్యలో పప్పు బకెట్ పట్టుకుని నిలబడ్డ ధాత్రి, ఆ పిల్ల నోరు ఊరుకోదు కదా, గట్టుకీ గట్టుకీ వినపడే గొంతుతో అనేసింది: "పగలెలా కనపడుతుందండీ? చీకటి పడ్డాక రండి, మా మేడ మీద టెలిస్కోపులో నిజంగా చూపిస్తాం."

హాలంతా ఇటు తిరిగింది. విశ్వేశ్వరరావుగారి వేలు ఇంకా స్ప్రింక్లర్ వైపే ఉంది.

"ఎవరి పిల్లమ్మా నువ్వు?" అన్నారాయన.

ధాత్రి పప్పు బకెట్ వెనక దాక్కునే ప్రయత్నంలో ఉండగా, మొదటి వరసలోంచి ఆయన భార్య సీతాదేవిగారు లేచారు. పెద్దముత్తైదువ, ఆ ఊళ్ళో ఆవిడ మాటంటే ఆయన మంత్రం కంటే ఒక మెట్టు పైన.

"నేనూ చూళ్ళేదు," అన్నారావిడ తాపీగా. "మా పెళ్ళిలో పందిట్లో తాటాకులు కనిపించాయి. కనిపించిందనమంటే కనిపించిందన్నాను."

అంతే. కట్టకి గండి పడ్డట్టయింది. ఒకావిడ తనకి గ్యాసులైటు కనిపించిందంది, ఇంకో ఆవిడ తన మొహం నిండా బాసికమే అడ్డమంది, ఇంకొకావిడ తను నిద్రలో ఉన్నానంది. ఒక పెద్దాయన కూడా చెయ్యెత్తి, నాకూ కనపడలేదు, కానీ నన్నెవరూ అడగలేదు అన్నాడు. పెళ్ళైన వాళ్ళందరూ అబద్ధంతోనే కాపురం మొదలెట్టారని అక్కడికక్కడ తేలిపోయింది.

"అయితే వచ్చే శనివారం సాయంత్రం అందరం మీ మేడకొస్తున్నాం," అన్నారు సీతాదేవిగారు. "ఏవండీ, మీరూను."

"చూపించనీ, చూస్తాను," అన్నారు విశ్వేశ్వరరావుగారు. అందులో శుభాకాంక్షలేం వినపడలేదు.

మృదుల సాంబారు గరిటె పైకెత్తి అచ్యుత్ వైపు చూసింది. "అనిమేలో ఏదో జరుగుతుందంటివే. జరిగింది పో."

ఆ వారం ముగ్గురికీ కాళ్ళు నేల మీద లేవు. హెదర్‌కి కబురు పెట్టారు. మేడ మీద మంచు గీకారు. టీకి పెద్ద గిన్నె అరువు తెచ్చారు. సప్తర్షులు ఎక్కడున్నాయో ఫోనులో చూసుకున్నారు. రెజైనాలో సప్తర్షులు ఏడాది పొడుగునా అస్తమించవు, కార్తీకమాసం సాయంత్రాల్లో వాయవ్యం మూల వంగి, గరిటె అన్నంలో గుచ్చినట్టు నేల వైపు దిగుతుంటాయి. గరిటె కాడలో మధ్య నక్షత్రం వసిష్ఠుడు, దాన్నానుకుని సన్నగా అరుంధతి. మంచి కళ్ళుంటే టెలిస్కోపు లేకుండానే కనపడుతుంది. ధాత్రి రోజూ మేడెక్కి ఉత్త కళ్ళతోనే చూసుకుని మురిసిపోయింది. అన్నీ చేశారు గానీ, టెలిస్కోపుని ఒక్కసారి అటు తిప్పి చూద్దామని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పూజ గదంతా కడిగి దీపంలో నూనె పొయ్యడం మరిచినట్టు.

శనివారం చీకటి పడింది. ఆరున్నరకి రమ్మన్నారు కాబట్టి ఏడు దాటాక మొదలైంది రాక. పట్టుచీరల మీద పార్కాలనే లావుపాటి చలికోట్లు, కోట్ల మీద శాలువాలు, కాళ్ళకి మంచు బూట్లు, చేతుల్లో పులిహోర గిన్నెలు. నక్షత్రం చూడ్డానికి పులిహోర ఎందుకని అచ్యుత్ అడిగితే, "ఉత్త చేతుల్తో వస్తారా బాబూ ఎక్కడికైనా," అంది ఒకావిడ. గది నిండింది. మేడ నిండింది. మెట్ల మీద కూడా జనం. హెదర్ ఒక్కతే ఇంకా రాలేదు.

"ఆవిడొచ్చేదాకా ఎవర్నీ కదలనీకు," అంది ధాత్రి మృదుల చెవిలో.

"పులిహోర ఉన్నంతసేపు ఎవరూ కదలరులే పాపా."

ముందు కొత్తజంట చూడాలన్నారు. వైదేహి వంగి, టెలిస్కోపులో కన్ను పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"కనిపించిందా?" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ.

"కనిపించింది," అంది వైదేహి. మేడంతా హమ్మయ్య అనుకుంది. "కానీ ముగ్గురున్నారు."

"ముగ్గురేంటి?" అన్నాడు సంజయ్.

"వసిష్ఠుడు, అరుంధతి, ఇంకెవరో."

సీతాదేవిగారు వైదేహిని సుతారంగా పక్కకి జరిపి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూశారు. చూసి, లేచి, చుట్టూ ఉన్న జనానికి తీర్పు చెప్పినట్టు చెప్పారు.

"వసిష్ఠుడి ఒళ్ళో కూర్చున్నట్టు ఒకతె ఉంది. అరుంధతేమో పాపం ఆమడ దూరంలో విడిగా ఉంది."

ఆ తర్వాత ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తమ తమ భర్తల వైపు ఎందుకు చూశారో ఎవరికీ తెలీదు. మగవాళ్ళందరూ ఆకాశం వైపు చూశారు.

"ఇదా మీరు ఆదర్శమని చూపించేది?" అంది ఒకావిడ.

"యంత్రం చెడిపోయింది," అన్నారు విశ్వేశ్వరరావుగారు, శాలువా బిగించి. "పిల్లలు ఏదో ఆటవస్తువు తెచ్చి పతివ్రతల మీద నిందలు వేయిస్తున్నారు. పదండి, పదండి. చలి కూడాను."

ఆయన మెట్ల వైపు నడిచారు. ఊళ్ళో పెద్దాయన నడిస్తే వెనక నలుగురు నడుస్తారు; నలుగురు నడిస్తే పదిమంది జిప్పులు లాక్కుంటారు. పులిహోర గిన్నెలకి మూతలు పడటం మొదలైంది. హెదర్ ఇప్పుడొస్తే చూసేది మళ్ళీ ముగ్గురినే.

అచ్యుత్ ఫోను తెచ్చి ధాత్రి చేతిలో పెట్టాడు. "యంత్రం మంచిగనే ఉందే. నిజంగనే అది రెండు చుక్కలంట. వసిష్ఠుడంటే ఇద్దరంట. మనమే ముందుగాల చూడలె."

ధాత్రి ఆ ఫోను చూసింది. నక్షత్రాలు చూపించే యాప్. ఊరికే వేలు కింద తేదీ వెనక్కి జరిగితే ఆకాశం కూడా గిర్రున వెనక్కి తిరిగింది. ఏదో తట్టి, ఆ పిల్ల ఇంకాస్త వెనక్కి, పెళ్ళి రోజు దాకా, ముహూర్తం వేళ దాకా తిప్పింది. తిప్పి, ఒక్క పరుగున మెట్ల దగ్గరకెళ్ళి పెద్దాయనకి అడ్డం నిలబడింది.

"అంకుల్, ఒక్కమాట. పెళ్ళిలో మీరు కప్పు చూపించారు చూడండి, అప్పుడు సప్తర్షులు ఎక్కడున్నాయో తెలుసా?"

"ఎక్కడున్నాయి?" అన్నారాయన అనుమానంగా.

"నడినెత్తిన. మీ వేలు చూపించిన చోటే. పైన కప్పు లేకపోతే, పైన పగలు లేకపోతే, మీరు చూపించింది సూటిగా అరుంధతినే. ఇదిగో చూసుకోండి."

విశ్వేశ్వరరావుగారు ఫోను అందుకుని, దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. ఇంజినీరు మనిషి, బొమ్మ అబద్ధం చెప్పట్లేదని ఆయనకి తెలిసింది. స్ప్రింక్లర్‌ని గురి చూసి వేలెత్తిన సంగతీ ఆయనకి తెలుసు. కాసేపు గొంతు సవరించుకుని, వెనక్కి తిరిగి, మెట్ల మీదున్న వాళ్ళందరికీ వినపడేట్టు అన్నారు: "మరి నేను ఊరికే చూపిస్తానా?"

ఆయన మేడ మీదకి మళ్ళీ ఎక్కారు. వెనక నలుగురూ ఎక్కారు. జిప్పులు కిందికి జారాయి.

"మీ వేలు సంగతి సరే," అన్నారు సీతాదేవిగారు. "ఆ మూడోదాని సంగతి తేల్చందే నేను మేడ దిగను."

ధాత్రి నోరు తెరిచింది. సైన్సు చెబుదామనే తెరిచింది. ఈలోగా జనాన్ని తోసుకుంటూ అమ్ములుగారు ముందుకొచ్చారు. సంజయ్ తల్లి. పెళ్ళి కోసం విజిటర్ వీసా మీద వచ్చింది. నెత్తిన మంకీ క్యాపు, నేతచీర మీద కొడుకు కోటు.

"తప్పుకోండి, నన్ను చూడనివ్వండి," అని వంగింది. ఒక కన్ను ముయ్యడం రాక, వైదేహి చేత ముయ్యించుకుంది. చూసి, నడుం పట్టుకుని లేచి, ఇందులో ఏముందన్నట్టు చేతులు తిప్పింది.

"దీనికింత గొడవా? ఆ పక్కనున్నది తల్లి. కొడుకు పక్కన తల్లి ఉండక ఇంకెవరుంటారు? కోడలు కాస్త ఎడంగా నుంచుంది, అంతే."

ముందు వైదేహికి అర్థమైంది. అత్తగారి కన్ను మూసిన చేత్తోనే తన నోరు మూసుకుని, ఆగలేక, టెలిస్కోపు కాలు పట్టుకుని నవ్వింది. దాంతో మేడంతా అంటుకుంది. కోడళ్ళు నవ్వారు, అత్తలు నవ్వారు, ఎవరి మీద నవ్వుతున్నారో ఎవరికి వాళ్ళు వేరుగా అనుకుని నవ్వారు.

"అమ్మా, అది కాదే, సైంటిఫిక్‌గా అదీ..." అన్నాడు సంజయ్.

"నువ్వు మా మధ్యలో మెరుస్తూ ఉండు నాయనా, చాలు," అంది తల్లి.

"ఆంటీ చెప్పింది నిజమే," అంది ధాత్రి. ఆ పిల్ల గొంతు ఇప్పుడు పూర్తిగా వచ్చేసింది, మిరపతోటలో గొంతు. "ఆ దగ్గరున్న ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ ఉంటారు. ఎన్ని వేల ఏళ్ళైనా వదలరు."

"అయితే అనుమానమే లేదు, అత్తే," అన్నారు సీతాదేవిగారు. "ఏవండీ, మీ అమ్మగారే."

విశ్వేశ్వరరావుగారు క్యూలో వెళ్ళి నిలబడ్డారు.

ఇక చూడాలి ఆ క్యూ. ఇంతసేపూ అరుంధతి కోసం వచ్చిన వాళ్ళు ఇప్పుడు అత్తగారి కోసం నిలబడ్డారు. చూసినవాళ్ళు చూసి ఊరుకోక, మెట్ల కింది నుంచి మళ్ళీ వచ్చి చేరారు. ఒకావిడ అయితే ఇండియాలో ఉన్న తన అత్తగారికి వీడియో కాల్ చేసి, ఫోనుని టెలిస్కోపులో పెట్టి, "కనిపించారా అత్తయ్యా, మీరే," అంటోంది. అట్నుంచి, "లావుగా ఉన్నానా?" అని వినపడుతోంది. అరుంధతి పక్షాన కొందరు, అత్త పక్షాన కొందరు చేరి, ఎవరి చుక్క కాంతివంతమో వాదన పెట్టుకున్నారు. అచ్యుత్‌కి ఆనందం పట్టలేక, పులిహోర గిన్నె పట్టుకుని మేడ చుట్టూ తిరుగుతున్నాడు. "అనిమేల కూడా ఇంత లేదే," అంటున్నాడు దొరికిన ప్రతివాడితో.

ఈ గలాటాలోనే ఎప్పుడో హెదర్ వచ్చింది. తలుపు దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెట్టడం మొదలెట్టి, వాళ్ళు ఒకచోట నిలవకపోయేసరికి మానేసింది. ఎవరో చేతిలో పులిహోర ప్లేటు పెట్టారు. ఇంకెవరో భుజాల మీద శాలువా కప్పారు. ఏం జరుగుతోందని అడిగితే, మృదుల మఫ్లరు దించి, మొదటిసారి మొహం చూపించి, ఇంగ్లీషులో ఆసాంతం విడమరిచి చెప్పింది: ఈ పెద్ద చుక్క భర్త, ఆ దూరపు చుక్క భార్య, ఈ అంటిపెట్టుకున్నది భర్తగారి అమ్మ.

హెదర్ మొహంలో నవ్వు మొదటిసారి చెరిగింది. "మా అత్తగారు ప్రతి ఆదివారం మా ఇంటికొస్తుంది," అంది. "సోమవారం వెళ్తుంది." పులిహోర ప్లేటు మృదుల చేతికిచ్చి, వెళ్ళి వరసలో నిలబడింది. ముందున్న ఆంటీ, "నీకు పెళ్ళయిందా అమ్మా?" అని అడిగి, అయిందని తెలుసుకుని, తన ముందు చోటిచ్చింది.

ధాత్రి టెలిస్కోపు పక్కన నిలబడి, చుక్క జారిపోకుండా గొట్టాన్ని కొంచెం కొంచెంగా జరుపుతోంది. చేతులు గడ్డకట్టాయి గానీ తెలీడం లేదు. హెదర్ వంతు వచ్చింది. చూసింది. ఏమీ అనకుండా పక్కకెళ్ళింది. రెండోసారి వచ్చింది, మళ్ళీ చూసింది, మళ్ళీ ఏమీ అనలేదు. మూడోసారి వరసలో ఆవిడ కనిపించేసరికి ధాత్రికి ఇక ఓపిక పట్టలేదు.

"మేడమ్, మరి మా గది సంగతి?"

హెదర్ చెయ్యి ఊపింది, ఈగని తోలినట్టు.

"గది మీదేలే. గేముల వాళ్ళకి ఇంకోటి చూస్తాను. నువ్వు కాస్త పక్కకి జరుగు తల్లీ, నా వెనక ఇంకా జనం ఉన్నారు."